నిమిషానికో చెంచా

మా కవలపిల్లలకు ఏడాదిన్నర నిండిన నెలలో మా ఆవిడకు పోస్టాఫీసు వాళ్ళు నాలుగు రోజుల ట్రైనింగు వేశారు. కొత్త కంప్యూటర్లు వచ్చాయట, వాటి సంగతులు నేర్చుకోవడానికి వేరే ఊరు వెళ్ళాలట. "నువ్వు వెళ్ళు, నేను చూసుకుంటాను" అన్నాను. అనడానికేం, తేలికే. నేను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కుని. రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోయి కేకలు పెట్టేవాళ్ళను ఒక్క గీత పడకుండా బయటికి తీసిన చేతులివి. ఇద్దరు చంటిపిల్లల్ని నాలుగు రోజులు చూసుకోలేనా అని నా ధీమా.

మా ఆవిడకు మాత్రం ఆ ధీమా సగమే కలిగినట్టుంది. మిగతా సగం కోసం వాళ్ళ నాన్నగారిని పిలిపించింది.

మా మామగారు రిటైరైన డ్రిల్లు మాస్టారు. ముప్పై మూడేళ్ళు పిల్లల చేత గ్రౌండు చుట్టూ పరుగులు తీయించిన మనిషి. ఇప్పటికీ తెల్ల ప్యాంటూ, తెల్ల కాన్వాసు బూట్లూ. మెల్లిగా మాట్లాడటం ఆయనకు చేతకాదు. పక్కన కూర్చున్న వాళ్ళను మంచినీళ్ళు అడిగినా, గ్రౌండుకి ఆ చివర నిలబడ్డవాడికి వినిపించేలా అడుగుతారు. నేనంటే ఆయనకు కోపం లేదు, అలాగని పెద్ద లెక్కా లేదు. అల్లుణ్ణి గనక "మీరు" అంటారు; ఆ పిలుపులో మర్యాద కంటే దూరమే ఎక్కువ. పెళ్ళయిన ఆరేళ్ళలో మేమిద్దరం ఒక గదిలో గంటసేపు కూర్చుని మాట్లాడుకున్నది లేదు.

ఇక పిల్లలు. ఇద్దరూ ఆడపిల్లలే. పెట్టిన పేర్లు సర్టిఫికెట్లలో భద్రంగా ఉన్నాయి. ఇంట్లో మాత్రం ఒకతి గంట, ఇంకొకతి పిల్లి. గంట తొమ్మిది నిమిషాలు పెద్దది. ఆకలేసినా, నిద్రొచ్చినా, ఎదురింటి తలుపు చప్పుడైనా మూడంతస్తులూ మోగిపోయేలా ఏడుస్తుంది. పిల్లి అలా కాదు. దాని పక్కనే గంట అంత రభస చేస్తున్నా, అది తన వేళ్ళు తను చూసుకుంటూ కూర్చుంటుంది. "దీన్ని పెంచక్కర్లేదు, ఒక మూల కూర్చోబెడితే అదే పెరుగుతుంది" అని నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాణ్ణి.

సోమవారం పొద్దున్న మా ఆవిడ బస్సెక్కింది. ఆ సాయంత్రం పిల్లి రెండుసార్లు పల్చగా వెళ్ళింది. "పళ్ళొస్తున్నాయి కాబోలు" అన్నారు మామగారు. నేనూ కాబోలు అనుకున్నాను. మంగళవారం తెల్లవారి ఆరింటికి గంట పక్క మీద వాంతి చేసుకుంది. అక్కణ్ణుంచి ఇల్లు పీకి పందిరేసింది. ఎనిమిదయ్యేసరికి దానికి మూడు విరేచనాలు, ఇంకో వాంతి. ఎత్తుకుంటే ఏడుపు, దించితే ఏడుపు, ఒళ్ళు తుడిస్తే ఇంకా ఏడుపు. నేను దాన్ని భుజాన వేసుకుని హాల్లో తిరుగుతుంటే, మామగారు బకెట్టూ గుడ్డలూ పట్టుకుని మంచానికీ బాత్రూముకీ మధ్య కవాతు చేస్తున్నారు.

పిల్లి కూడా వెళుతూనే ఉంది. కాని నోరెత్తలేదు. డైపరు మార్చడం, కిటికీ కింద పరిచిన బొంత మీద పడుకోబెట్టడం, మళ్ళీ గంట దగ్గరికి పరుగెత్తడం. నేను మార్చినవి ఆయనకు తెలియవు, ఆయన మార్చినవి నాకు తెలియవు. రెండూ కలిపి ఎన్నో ఎవరికీ తెలియదు.

"కడుపుకి విశ్రాంతి ఇవ్వాలి" అని మామగారు తీర్పు చెప్పారు. "పాలొద్దు, నీళ్ళూ వద్దు. ఏది పోసినా బయటికే వస్తోంది. పొయ్యడం ఆపితే రావడం అదే ఆగుతుంది. ముప్పై మూడేళ్ళ అనుభవంతో చెబుతున్నా."

పరుగుపందేలకీ విరేచనాలకీ ఏం సంబంధమని అడగాలనిపించింది. అడగలేదు. నిజం చెప్పాలంటే ఆ మాట నాకూ సబబుగానే తోచింది. పైన వాల్వు కట్టేస్తే కింద కారడం ఆగుతుంది కదా అనుకున్నాను. పదింటిదాకా ఇద్దరికీ చుక్క నీళ్ళు పట్టలేదు.

పదయినా ఏదీ ఆగలేదు. గంటని మామగారి చేతికిచ్చి కింద మెడికల్ షాపుకి దిగాను. లిఫ్టులు బాగుచేసేవాడు ఉండే మేడకి లిఫ్టు లేదు, మూడంతస్తులూ మెట్లే.

షాపు మా మేడ కిందే, కుట్టుమిషన్ల కొట్టుకీ జిరాక్సు కొట్టుకీ మధ్య. నడిపే ఆవిడకు యాభై దాటి ఉంటాయి. కళ్ళజోడు ముక్కు చివర నిలబడుతుంది. మనిషిని మాత్రం దాని పైనుంచి చూస్తుంది. అడిగింది చేతిలో పెట్టి పంపించే రకం కాదు, ఎందుకని అడిగే రకం. ఆ ప్రశ్నలు పడలేక కొంతమంది వీధి చివర షాపుకి పోతుంటారు.

"విరేచనాలు కట్టేసే మాత్రలు ఇవ్వండమ్మా" అన్నాను.

"ఎవరికి?"

"పిల్లలకి. మా కవలలు."

"ఇవ్వను."

"అయిపోయాయా?"

"డబ్బా నిండా ఉన్నాయి. పిల్లలకి ఇవ్వను" అంది. "అది వేస్తే పేగులు కదలకుండా పడుకుంటాయి. జబ్బు లోపల అలాగే ఉంటుంది, పైకి మాత్రం తగ్గినట్టు కనపడుతుంది. ఆ మాత్ర వల్ల ప్రాణం మీదికి తెచ్చుకున్న పిల్లలున్నారు. ఎప్పట్నుంచి?"

గంట సంగతి పూసగుచ్చినట్టు చెప్పాను. ఎన్ని వాంతులు, ఎన్ని విరేచనాలు, ఎంత గట్టిగా ఏడుస్తోంది, అన్నీ.

"ఆ ఏడుపు ఇక్కడికి వినపడుతూనే ఉంది" అంది. "మరి రెండోది?"

"రెండోది పర్వాలేదమ్మా. ఏడవట్లేదు."

ఏదో రాసుకుంటున్న పెన్ను పక్కన పెట్టింది. "ఏడవట్లేదంటే? ఆడుకుంటోందా, ఏడవడానికి ఓపిక లేక పడుందా?"

కిటికీ కింద బొంత గుర్తొచ్చింది. దాని మీద పిల్లి ఏం చేస్తోందో గుర్తు రాలేదు.

"ఒంటికి ఎప్పుడు వెళ్ళింది?"

"డైపరు మారుస్తూనే ఉన్నామమ్మా..."

"విరేచనం కాదు నాయనా, ఒంటికి. పసుపుగా, తడిగా. ఎప్పుడు?"

"తెలీదు."

ఆవిడ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. వెనక అరలోంచి నాలుగు ఓఆర్ఎస్ ప్యాకెట్లు తీసి కౌంటరు మీద పెట్టి, ఒక్కో మాటకీ వేలు మడుస్తూ చెప్పింది.

"ముందు పైకి వెళ్ళి దాని మొహం చూడు. కళ్ళు లోపలికి పోయాయా? నోట్లో వేలు పెట్టు, తడిగా ఉందా, ఎండిపోయి జిగురుగా ఉందా? ఏడిస్తే కన్నీళ్ళు వస్తున్నాయా? తరవాత బొడ్డు పక్కన చర్మం రెండు వేళ్ళతో పైకి పట్టి వదులు. చటుక్కున సర్దుకోవాలి. మడత పడి మెల్లిగా వెళ్ళిందంటే ఒంట్లో నీళ్ళు తగ్గిపోయాయన్నమాట. చూసిన వెంటనే నాకు ఫోన్ చెయ్యి. ఇది కలిపి చెంచాతో పట్టడం మొదలుపెట్టు. ఒక ప్యాకెట్టుకి ఒక లీటరు నీళ్ళు. పూర్తి లీటరు. ఇంకేమీ కలపొద్దు. నిమిషానికో చెంచా. గ్లాసెత్తి పట్టావో, మొత్తం కక్కేస్తుంది."

మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. గుమ్మంలో మామగారు గంటని ఎత్తుకుని నిలబడి ఉన్నారు. "మాత్రలు తెచ్చారా?" అన్నారు. ఆయన్ని దాటుకుని సరాసరి కిటికీ దగ్గరికి వెళ్ళి బొంత మీద కూర్చున్నాను.

పిల్లి నా వైపు చూసింది. తల తిప్పలేదు, కళ్ళు మాత్రం తిప్పింది. ఆ కళ్ళ కింద చీకటిగా రెండు గుంటలు. పొద్దుట్నుంచి నాలుగుసార్లయినా దాని డైపరు మార్చి ఉంటాను, ఒక్కసారి కూడా మొహంలోకి చూడలేదు. వేలు నోట్లో పెట్టాను. నాలుక గరుగ్గా ఉంది, పెదవి లోపల జిగురుగా అంటుకుంది. చెయ్యి విడిపించుకోవాలని మూలిగింది. మొహం ఏడుపు మొహమే, కంట్లో చుక్క లేదు. చొక్కా పైకెత్తి బొడ్డు పక్కన చర్మం పట్టి వదిలాను. అది ఇస్త్రీ పోయిన గుడ్డలా ఒక క్షణం మడతపడి నిలబడి, తీరిగ్గా సర్దుకుంది.

పక్కకి తిరిగి గంటని చూశాను. బుగ్గల నిండా కన్నీళ్ళు, గడ్డం నిండా చొంగ, మామగారి చొక్కా మీద వెచ్చగా తడి. దాని పొట్ట మీది చర్మం రబ్బరులా చటుక్కున వెనక్కి పోయింది. అంత గోల చేసిన పిల్లకి ఒంట్లో నీళ్ళున్నాయి. నోరెత్తని పిల్లకి లేవు.

"మామయ్యా, లీటరు సీసా ఏదైనా ఉందా?"

మరిగించి చల్లార్చిన నీళ్ళు వంటింట్లో ఉన్నాయి. నేను లీటరు సీసా నింపుతుంటే మామగారు ప్యాకెట్టు చించి చేత్తో పట్టుకున్నారు. "అన్ని నీళ్ళల్లో కలిపితే చప్పగా ఏం పనిచేస్తుంది? ఒక గ్లాసులో వేసి చిక్కగా ఇద్దాం. త్వరగా బలం పడుతుంది."

"వద్దు."

ఆరేళ్ళలో ఆయనతో నేనన్న మొదటి "వద్దు" అది. గొంతు నాదేనా అని నాకే అనుమానం వచ్చింది.

"చిక్కగా ఇస్తే మంచి కంటే చెడే ఎక్కువ మామయ్యా. లీటరు అంటే లీటరే. లిఫ్టులో పదిమందే ఎక్కాలని రాసుంటే పదిమందే ఎక్కాలి. ఇటివ్వండి."

ఆయన కనుబొమలు పైకి లేచాయి. కాని ప్యాకెట్టు ఇచ్చారు.

మొదటి చెంచా పెదవికి తగలగానే పిల్లి రెండు చేతులతో చెంచా పట్టేసుకుంది. తల ముందుకి చాపి ఇంకా కావాలన్నట్టు నోరు తెరిచింది. అంత దాహం వేసిన పిల్లకి పొద్దుట్నుంచి నీళ్ళివ్వకుండా కాపలా కాశాం మేమిద్దరం.

చెంచాల మధ్యలో షాపావిడకి ఫోన్ చేసి చూసినవన్నీ వరసగా చెప్పాను.

"తాగుతోందా?" అని ఒకటే అడిగింది.

"చెంచా లాక్కుంటోంది."

"బతికించావు. మత్తుగా లేదు, దాహం తెలుస్తోంది, తాగుతోంది. అయినా ఇది ఇంట్లో కూర్చుని చూసుకునే స్థాయి దాటింది. రెండు వీధుల అవతల పిల్లల డాక్టరు ఉంది. ఇప్పుడే వెళ్ళండి, ఇద్దర్నీ తీసుకెళ్ళండి. దారిలో కూడా చెంచా ఆపొద్దు."

అలా బయల్దేరాం. పిల్లి నా చంకలో, సీసా నా భుజాన సంచీలో, చెంచా చేతిలో. గంట మామగారి భుజం మీద. పది అడుగులు నడవడం, ఆగడం, ఒక చెంచా పట్టడం. వీధిలో జనం మమ్మల్ని వింతగా చూశారు. "ఏం చూస్తున్నారు? దారివ్వండి!" అని మామగారు గ్రౌండు గొంతుతో ఒక్క కేక వేశారు. దారిచ్చారు. ఆ గొంతు మొదటిసారి నాకు పనికొచ్చింది.

డాక్టరు ముప్పై ఏళ్ళ అమ్మాయి. జుట్టు ముడేసుకుని, చేతులు గబగబా కడుక్కుని పిల్లి దగ్గరికి వచ్చింది. బరువు చూసింది, నాడి చూసింది, నేను చేసినట్టే పొట్ట మీద చర్మం పట్టి వదిలింది. చెంచా నా చేతిలోంచి తీసుకుని తను పట్టి, పిల్ల ఎలా తాగుతోందో చూసింది.

"ఒంట్లో నీళ్ళు బాగానే తగ్గాయి" అంది. "కాని సరైన టైముకి తీసుకొచ్చారు."

"సెలైన్ ఎక్కించండి డాక్టరుగారూ" అన్నారు మామగారు. "పెద్ద సీసా పెట్టండి. మేం దేనికీ వెనకాడం."

"అక్కర్లేదు మాస్టారూ." ఆయన మాస్టారని ఎవరూ చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా. "నోరు పనిచేస్తున్నప్పుడు చేతికి సూదెందుకు? పిలిస్తే పలక్కుండా, తాగలేకుండా ఉంటే అప్పుడు క్షణం ఆలస్యం చెయ్యకుండా ఎక్కిస్తాం. ఇలాంటప్పుడు చెంచాయే మంచిది. నాలుగు గంటల్లో మూడు గ్లాసుల పైన కొంచెం లోపలికి పోవాలి. ఇక్కడే కూర్చోండి, గంటగంటకీ చూస్తాను. మీరు పొద్దుట్నుంచి ఏమిచ్చారు?"

మామగారే ముందుకొచ్చారు. "ఏమీ ఇవ్వలేదమ్మా. కడుపుకి విశ్రాంతి అని నేనే ఆపించాను."

"చాలామంది అలాగే అనుకుంటారు" అంది డాక్టరు, కసురుకోకుండా. "పోయేదాన్ని మనం ఆపలేం. పోయినదాన్ని తిరిగి నింపగలం. అదే వైద్యం. మధ్యాహ్నం దాకా ఇలాగే ఎండబెట్టి ఉంటే, అప్పుడు మనం సూది కోసం నరం వెతుక్కుంటూ ఉండేవాళ్ళం."

పక్క గదిలో గోడ వెంట పొడవాటి బల్ల వేసి ఉంది. కుర్చీలో ఒక నర్సు, బల్ల మీద మూత పెట్టిన నీళ్ళ జాడీలు. మేం కూర్చోగానే ఆయన నా చేతిలోంచి చెంచా తీసుకున్నారు.

"మీరు గంటని చూడండి. దీన్ని నాకు వదిలెయ్యండి."

చేతి గడియారం విప్పి మోకాలి మీద పెట్టుకున్నారు. సెకన్ల ముల్లు పన్నెండు దగ్గరికి రాగానే "రెడీ!" అంటారు. పిల్లి నోరు తెరుస్తుంది. చెంచా లోపలికి పోతుంది. మళ్ళీ ముల్లు తిరిగేదాకా కదలరు. గదిలో ఉన్న ఇంకో ఇద్దరు తల్లులు కాసేపు నోరు నొక్కుకుని నవ్వుకున్నారు. కాసేపటికి వాళ్ళూ ఆయన "రెడీ" అన్నప్పుడే తమ పిల్లలకి చెంచా పట్టడం మొదలుపెట్టారు. నర్సు నాతో మెల్లిగా అంది, "ఈయన్ని రోజూ పంపించండి. నాకు సగం పని తప్పుతుంది."

గంటకి మాత్రం చెంచా అంటే పడలేదు. ఊసేసింది, చేత్తో కొట్టింది, ఏడ్చింది. దాని చెల్లెలు ఆబగా తాగుతుంటే కాసేపు చూసి, అదేదో తనకు దక్కకుండా పోతోందనుకుందో ఏమో, నోరు తెరిచింది. ఆ అసూయకి మనసులో దండం పెట్టుకుని నేనూ చెంచా మొదలుపెట్టాను.

పన్నెండున్నరకి పిల్లి కక్కేసింది. తాగిందంతా వచ్చిందేమో అనిపించేంత వాంతి, నా చొక్కా మీద, ఆయన బూట్ల మీద. "ఇక దీని పొట్టలో ఏదీ నిలవదు, సూదే పెట్టండి" అని లేచాను.

"కూర్చోండి నాన్నగారూ" అంది నర్సు, తుడిచే గుడ్డ అందిస్తూ. "కక్కింది కనపడినంత ఉండదు. లోపల ఉండాల్సింది ఉంది. పది నిమిషాలు ఆగి మళ్ళీ మొదలెట్టండి. ఈసారి రెండు నిమిషాలకో చెంచా. మూడో నాలుగో వాంతులైనా ఇంతే. ఆపడం మాత్రం లేదు."

నన్నెవరూ అంతవరకు "నాన్నగారూ" అనలేదు. కూర్చున్నాను.

ఆ పది నిమిషాల్లోనే ఫోన్ మోగింది. మా ఆవిడ. ట్రైనింగులో భోజనాల విరామం. మామగారు వద్దు వద్దన్నట్టు చెయ్యి ఊపారు. "చెప్పకండి, అక్కడ కంగారు పడుతుంది" అని గుసగుసగా అన్నారు. ఆయన గుసగుస నర్సుకీ వినపడింది.

ఒక్క క్షణం నాకూ అలాగే అనిపించింది. కాని అప్పటికే ఆ రోజు చూడకుండా ఊరుకున్నవి చాలనిపించింది.

"పిల్లలిద్దరికీ వాంతులు, విరేచనాలు" అన్నాను. "డాక్టరు దగ్గరే ఉన్నాం. గంట బాగానే ఉంది. పిల్లికి ఒంట్లో నీళ్ళు తగ్గాయి. చెంచాతో పడుతున్నాం. సెలైన్ అక్కర్లేదన్నారు. పొద్దున్న మేం... నేను నీళ్ళు ఆపేశాను. తప్పు చేశాను."

అటువైపు ఎవరో ప్లేట్లు సర్దుతున్న శబ్దం.

"పిలిస్తే చూస్తోందా?" అంది.

"చూస్తోంది."

"ఒంటికి వెళ్ళిందా?"

"ఇంకా లేదు. దానికోసమే కూర్చున్నాం."

"నేను సాయంత్రం బస్సుకి వచ్చేస్తాను."

"రావాలనిపిస్తే రా. వద్దనను. కాని నాలుగింటికి నేను ఫోన్ చేస్తాను, అది విని బయల్దేరు. ఏది ఉంటే అదే చెబుతాను, దాచను."

"ప్రమాణం?"

"నీ మీదే."

"నా మీద కాదు, నీ మీద చేసుకో" అంది. గొంతులో కాస్త నవ్వుంది.

ఫోన్ పెట్టేశాక మామగారు గడియారం వైపు చూశారు. "నేను ఆపానని చెప్పాల్సింది" అన్నారు. ఆయన గొంతు ఒక్క మనిషికి వినపడేంత చిన్నగా రావడం అప్పుడే విన్నాను. "మీ మీద వేసుకున్నారు."

"నేనూ సరే అన్నాను కదా మామయ్యా. పది నిమిషాలయ్యాయి. కానివ్వండి."

"రెడీ" అన్నారాయన.

ఒంటిగంట, రెండు. మొదటి గ్లాసు అయిపోయింది, రెండోది అయిపోయింది. డాక్టరు వచ్చి చూసి "ఊ, కొనసాగించండి" అని వెళ్ళింది. మధ్యలో పిల్లి ఇంకోసారి విరేచనం చేసుకుంది. దానికి బదులుగా తాగాల్సిన లెక్కలో నర్సు మరో సగం గ్లాసు కలిపింది. రెండున్నరకి పిల్లి మామగారి ఒళ్ళో లేచి కూర్చుని ఆయన చొక్కా గుండీ లాగడం మొదలుపెట్టింది. కళ్ళ కింద గుంటలు పూడుతున్నట్టే ఉంది. ఆశతో చూస్తున్నానేమో అని నా కళ్ళను నేనే నమ్మలేదు. ఒళ్ళు ఒరుసుకుపోతోందని నర్సు డైపరు తీసేసి పల్చటి గుడ్డ కట్టింది.

మూడింటికి పది నిమిషాలు తక్కువ. మామగారు "రెడీ" అనబోయి ఆగిపోయారు. చెంచా గాల్లోనే ఉంది. ఆయన తెల్ల ప్యాంటు మీద, తొడ దగ్గర మొదలై మోకాలి దాకా, ఒక పసుపు మరక పాకుతోంది.

ఆయన లేవలేదు. కదిలితే ఆగిపోతుందేమోనని భయపడ్డ మనిషిలా అలాగే బిగుసుకుని కూర్చున్నారు. తరవాత ఆ క్లినిక్కు మొత్తం అదిరిపోయేలా అరిచారు.

"పోసింది! అల్లుడుగారూ, పోసింది!"

బయట వరసలో కూర్చున్నవాళ్ళు తొంగిచూశారు. డాక్టరు ఎవరి గొంతో చూస్తూ, టార్చీ చేత్తోనే పట్టుకుని గబగబా వచ్చింది. మామగారు తన ప్యాంటుని కప్పు గెలిచినవాడిలా చూపించారు. నర్సు ఒళ్ళు తుడవడానికి పిల్లని ఎత్తుకోబోతే, చెంచా దూరమైపోతోందని పిల్లి ఏడుపందుకుంది. గొంతెత్తి, గుక్కపట్టి ఏడ్చింది. బుగ్గల మీద రెండు ధారలు. నేను వేలితో తుడిచి ఆ తడిని చూసుకున్నాను. ఎవరూ చూడకుండా నావీ తుడుచుకున్నాను.

డాక్టరు మళ్ళీ చర్మం పట్టి వదిలింది. చటుక్కున వెనక్కి వెళ్ళింది.

"ఇంటికి వెళ్ళచ్చు. విరేచనాలు ఇంకో మూడు నాలుగు రోజులు ఉంటాయి, దానికి బెంగపడొద్దు. వెళ్ళినప్పుడల్లా పావు గ్లాసు నుంచి సగం గ్లాసు దాకా ఈ నీళ్ళు. పాలు మామూలుగా ఇవ్వండి, తినేది పెట్టండి, అరటిపండు, మెత్తటి అన్నం. కూల్‌డ్రింకులూ డబ్బా జ్యూసులూ వద్దు. ఈ జింకు మాత్రలు రోజుకొకటి, తగ్గినా సరే పద్నాలుగు రోజులు. మత్తుగా పడున్నా, తాగనన్నా, విరేచనంలో నెత్తురు కనపడినా, ఆరు గంటలపాటు ఒంటికి వెళ్ళకపోయినా ఆలోచించకుండా తీసుకొచ్చెయ్యండి."

నేను రాసుకున్నాను. మామగారు రాసుకోలేదు, బట్టీ పట్టారు. దారిలో రెండుసార్లు నాకు అప్పజెప్పారు.

నాలుగింటికి మా ఆవిడకి ఫోన్ చేశాను. పిల్లి ఏడుపు ఫోన్‌లో వినిపించాను. "అది గంట కదూ?" అంది. కాదని చెప్పాక, ఆమె బస్సెక్కాలన్న ఆలోచన మానుకుంది.

ఆ సాయంత్రం మామగారు పాత క్యాలెండరు కాగితం తిప్పి గోడకి అంటించి నిలువుగా గీత గీశారు. ఇటు గంట, అటు పిల్లి. ఏమి తాగింది, ఎన్నిసార్లు వెళ్ళింది, ఒంటికి ఎప్పుడు వెళ్ళింది. ఎవరు డైపరు మారిస్తే వాళ్ళు గీత పెట్టాలి. బుధవారం పిల్లి విరేచనాల వరసలో అయిదు గీతలు, గురువారం మూడు. గురువారం మధ్యాహ్నం అది అరటిపండు సగం తిని మిగతా సగం గంట జుట్టుకి పూసింది. గంట ఊరుకోలేదు. ఆ రభసంతా మాకు సంగీతంలా ఉంది.

మా ఆవిడ గురువారం రాత్రి వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా ఇద్దర్నీ పొట్టలు పట్టి చూసింది, నోట్లో వేలు పెట్టి చూసింది. ఫోన్‌లో నేను చెప్పినవన్నీ గుర్తుపెట్టుకుంది. తరవాత గోడ మీద కాగితం పైనుంచి కింద దాకా చదివింది.

"నీళ్ళు ఆపించింది నేనే తల్లీ" అన్నారు మామగారు, తలుపు దగ్గర నిలబడి. "మీ ఆయన కాదు. ఫోన్‌లో తన మీద వేసుకున్నాడు."

ఆమె నా వైపు చూసింది, ఆయన వైపు చూసింది. "ఇద్దరూ కలిసి చేసిన వెధవ పనే కదా" అంది. "ఇద్దరూ కలిసే దిద్దుకున్నారు. స్నానానికి నీళ్ళు పెట్టండి, ఎవరో ఒకరు."

ఇద్దరం లేచాం.

మామగారు శనివారం పొద్దున్న వాళ్ళ ఊరికి బయల్దేరారు. సంచీ నాకిచ్చి, ముందుగా మెడికల్ షాపు దగ్గర ఆగారు. షాపావిడ కళ్ళజోడు పైనుంచి ఆయన్ని చూసింది.

"ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఓ డజను ఇవ్వండమ్మా."

"మళ్ళీ ఏమైంది? పిల్లలు బాగానే ఉన్నారన్నాడే మీ అల్లుడు."

"వాళ్ళు బాగున్నారు. ఇవి మా వీధికి. మా వీధిలో పద్దెనిమిదిమంది చిన్నపిల్లలున్నారు. వాళ్ళ తాతలందరూ నా స్నేహితులే, అందరూ నా అంత తెలివైనవాళ్ళే."

ఆవిడ మొదటిసారి నవ్వడం చూశాను. ప్యాకెట్లు కవర్లో వేస్తూ, "ఎంత నీళ్ళల్లో కలపాలి?" అని అడిగింది.

"లీటరు. పూర్తి లీటరు. నిమిషానికో చెంచా. కక్కితే పది నిమిషాలు ఆగి, మళ్ళీ. చర్మం పట్టి చూడాలి, నోట్లో తడి చూడాలి, ఒంటికి వెళ్ళిందా అని అడగాలి" అని ఆయన కౌంటరు ముందు నిటారుగా నిలబడి అప్పజెప్పారు. పక్క కొట్టులో కుట్టుమిషను ఆగింది, ఆ కొట్టతనూ విన్నాడు. "అన్నిటికంటే ముందు, ఊరికే పడున్న పిల్లని చూడాలి."

ఆయన్ని బస్సెక్కించి ఇంటికి వచ్చేసరికి తొమ్మిదయింది. పిల్లలిద్దరూ లేచారు. జింకు మాత్ర చెంచాలో నీళ్ళు పోసి కరిగించి మా ఆవిడ గంటకి పట్టింది, నేను పిల్లికి పట్టాను. అది అయిదో రోజు మాత్ర. ఇంకా తొమ్మిది ఉన్నాయి.